ఇద్దరం ఉన్నంతకాలం

నాన్న పోయిన మరుసటి ఏడాది, ఒక ఆదివారం భోజనానికి నేను బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, మా ఆయన హంఫ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి, "మీ చెల్లెలి దగ్గు తగ్గిందా?" అని అడిగాడు. నేను మురిసిపోయాను. భార్య తోబుట్టువు మీద ఇంత అభిమానం ఎంతమంది మగవాళ్లకు ఉంటుంది!

మా నాన్న థార్న్‌హోప్ ప్రభువు. ఆరువందల ఏళ్లనాటి బిరుదు. కొడుకు పుట్టి ఉంటే వాడిదయ్యేది. ఒక్క కూతురే ఉన్నా ఆమెదయ్యేది. నేనూ సిబిల్ ఇద్దరం పుట్టాం. కూతుళ్లలో పెద్దా చిన్నా లేదంటుంది చట్టం. హక్కు సమానం కనుక నాన్నతోనే ఆ బిరుదు ఆగిపోయింది. మహారాణి దయతలిస్తే ఒకరికి ఇవ్వవచ్చుగానీ, హంఫ్రీ నా పేరున పెట్టించిన అర్జీ తిరిగొచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. మా ఇద్దరిలో ఒకరు సంతానం లేకుండా చనిపోవాలి, అప్పుడు అది రెండోవారిదవుతుంది. ఆ దగ్గు సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

సిబిల్‌కి పెళ్లయి చాలాకాలం పిల్లల్లేరు. నలభైకి దగ్గరపడ్డాక కడుపుతో ఉందని తెలిసినరోజు హంఫ్రీ భోజనం ముట్టలేదు. అది నిలవలేదని తెలిసినరోజు మంచి వైన్ సీసా తీసి, "మన పియర్స్ అదృష్టవంతుడు" అన్నాడు. పియర్స్ మా అబ్బాయి. ఆ గ్లాసులు కడిగి, తుడిచి, అద్దాల బీరువాలో సర్దాను.

ఆ తర్వాత చెల్లెల్ని ఒంట్లో ఎలా ఉందని అడగడానికి నాకు నోరు రాలేదు. ఫోన్లో వాన గురించి, గులాబీ మొక్కల గురించి, పియర్స్ చదువు గురించి మాట్లాడేదాన్ని. ఆ ఒక్క మాటా ఆయన నోట్లో పడి మైలపడిపోయినట్టుండేది.

మొన్న మార్చిలో, ఆసుపత్రి మంచం మీద సిబిల్ నా చెయ్యి పట్టుకుంది. చేతిలో ఎముకలే తగిలాయి.

"అక్కా, నాకు ఒంట్లో ఎలా ఉందని ఇన్నేళ్లూ మీ ఆయనే అడిగేవాడు. నువ్వు ఒక్కసారీ అడగలేదేం?"

చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చెప్పలేక దిండు సర్దాను. వారం తిరక్కుండానే అది వెళ్లిపోయింది.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు శాండ్‌విచ్‌లు పెట్టి, టీ పోసి, అందరూ వెళ్లాక కప్పులు కడుగుతున్నాను. హంఫ్రీ వెనకనుంచి వచ్చి "లేడీ థార్న్‌హోప్" అని పిలిచాడు. ఇంత కాపురంలో నన్ను అంత మెత్తగా పిలవడం అదే మొదలు. బిరుదు కోరే అర్జీ బల్లమీద పరిచి, కలం మూత తీసి అందించాడు.

సంతకం పెట్టనన్నాను. నా తర్వాత పియర్స్‌కి కావాలంటే వాడే అడుగుతాడన్నాను. నేను అలసిపోయి అలా అంటున్నాననుకున్నాడు, రేపు చూద్దాంలే అన్నాడు. రేపూ పెట్టనన్నాక ఆయన మొహం ఎర్రబడింది.

"మరి ఇన్నేళ్లు ఎదురుచూసింది దేనికి, హెస్టర్?"

"దేనికోసం ఎదురుచూశావో ఒక్కసారి పైకి చెప్పు. చెప్తే ఇప్పుడే పెడతాను."

కలానికి మూత పెట్టింది ఆయనే.