కనక వేటకెళ్ళింది

ఇటుకల పండగ వచ్చిందంటే ఆ కొండల మీద మిగతా పనులన్నీ అటకెక్కాల్సిందే. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వాసం కట్టి, వచ్చేపోయేవాళ్ళని ఆపి పండగ మామూలు గుంజుతారు. వేటకెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగాడికి ఆ వాసం దగ్గరే పేడనీళ్ళ స్నానం. వాడు ఊరి నాయుడైనా ఒకటే, నాయుడి బావమరిదైనా ఒకటే. పండగ వెళ్ళేదాకా ఊళ్ళోవాళ్ళల్లో వేటగాళ్ళు తప్ప మరెవరూ ఊరి ఎల్ల దాటకూడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కనకని వాల్తేరు యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. చరిత్ర ఎమ్మేకి. పాపం, కొండ మీద పండగ సంగతి వాళ్ళకేం తెలుసు!

కనక సాలూరులో మేనమామ ఇంట ఉండి హైస్కూలు చదివింది. విజయనగరంలో బీయే పాసై, ఏడాదిగా అనంతగిరిలో పంతులమ్మగా చేస్తోంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళయినా, ఆ చుట్టుపక్కల కొండదొరల్లో పేరు పక్కన బీయే ఉన్న ఆడపిల్ల మరొకతె లేదు. ఈ సంగతి కనకకి బాగా తెలుసు. తెలిసి దాచుకునే రకమూ కాదు. అయితే ఆ ఏడు కొండ పిల్లలకి హాస్టలు ఉచితంగా ఇచ్చే సీటు ఒక్కటే ఉంది. అది పోతే చదువు అక్కడితో సరి.

ఊరి నాయుడు బుధు అరుగు మీద పంచాయతీ కూచుంది.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారట," అన్నాడు బుధు. "పండగ పూట ఎల్ల దాటితే అడివి కోప్పడతాది. ఏట పడదు. పండగెల్లాక పోవే, ఎవలొద్దన్నారు?"

"పండగెల్లాక ఎల్తే నా సీట్లో ఇంకొకలు కూకుంటారు నాయుడు మావా!" అంది కనక. ఏడుపొస్తే అరుగంతా తనని చిన్నపిల్లని చేస్తుందని పళ్ళు బిగించి ఆపుకుంది.

అంతవరకూ ఓ మూల కూచుని అడ్డపొగ తాగుతున్న సోంబరి నోట్లోంచి చుట్ట తీసింది. ఆవిడ కనకకి నాయనమ్మ. ఆవిడ చుట్ట తీసిందంటే ఊళ్ళో పెద్దమనుషులు సర్దుకుని కూచుంటారు.

"ఒరే బుధూ, ఎల్ల ఎవలు దాటొచ్చురా?"

"ఏటగాళ్ళు."

"అయితే మా గుంట ఏటకే ఎల్తంది."

అరుగంతా ఘొల్లుమంది. సోంబరి నవ్వలేదు. "ఆడది ఏటకెల్లకూడదని ఏ తాత సెప్పాడో ఆ తాత పేరు సెప్పండి. ఎల్లలేదు కాబట్టి ఎల్లలేదు, అంతే కదా!"

ఏ తాత పేరూ ఎవరికీ తట్టలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? బుధు మీసం సవరించుకుని, "సరే, ఏటగాడంటే ఏటగాడే మరి. ఒట్టి సేతుల్తో వొస్తే పేడనీళ్ళే. ఆడపిల్లననీసి ఏడిస్తే కుదరదు," అన్నాడు.

"పొయ్యండి," అంది కనక.

తెల్లారి బయల్దేరబోతుంటే సోంబరి పసుపు పూసిన బాణం ఒకటి కనక సంచీలో దోపింది. "ఎందుకే మామ్మా?" అంటే, "ఒట్టి సేతుల్తో ఏటకెల్తారేటే?" అని కసిరింది.

సంతలో చింతపండు కొనే వరహాలరావు లారీ ఆ పూటే కిందికి దిగుతోంది. వాసం దగ్గర ఆడవాళ్ళు లారీని ఆపారు. వరహాలరావు గొణుక్కుంటూ మామూలిచ్చాడు. కనకని మాత్రం ఆమె నేస్తం రత్నాలు, "ఏటగాళ్ళ కాడ తీసుకోకూడదే. బేగి రా!" అని సాగనంపింది.

"వాల్తేరులో ఎమ్మేనా తల్లీ?" అన్నాడు వరహాలరావు ఘాటీ దిగుతూ. "ప్లీడర్ల కొడుకులే సీటు దొరక్క తిరిగొచ్చేస్తన్నారు."

"ఆళ్ళు తిరిగొచ్చీస్తేనే కదండీ నాకు ఖాళీ," అంది కనక.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు ప్రొఫెసర్లు కూచున్నారు. కిటికీలోంచి సముద్రపు గాలి కొడుతోంది. వాళ్ళు ఇంగ్లీషులో అడిగారు, కనకా ఇంగ్లీషులోనే చెప్పింది. అక్బరు కాలంలో భూమి శిస్తు గురించి అడిగితే గడగడా అప్పచెప్పింది. ఒక సంధి ఏ సంవత్సరంలో జరిగిందో అడిగితే, "గుర్తులేదండీ," అని ఊరుకుంది. సర్టిఫికెట్లు తియ్యబోతే వాటితోపాటు బాణం కూడా వచ్చి బల్ల మీద టప్పున పడింది.

"ఇదేమిటమ్మా? మా మీద వెయ్యడానికా?" అన్నాడు కళ్ళజోడాయన.

"మీ మీద కాదండీ, సీటు మీద," అంది కనక. పండగా, ఎల్లా, మామ్మా, పేడనీళ్ళూ అన్నీ దాచకుండా చెప్పేసింది. ఇద్దరు పకపకా నవ్వారు. అందరిలోకీ పెద్దాయన నవ్వలేదు.

"మీ కొండలకి రాసిపెట్టిన చరిత్రంటూ లేదు. మరి నువ్వు చరిత్ర చదివి ఏం చేస్తావు?"

"ఉంటే చదువుకుని ఊరుకునేదాన్నండీ. లేదు కాబట్టే వచ్చాను."

పెద్దాయన పక్కవాళ్ళతో ఏదో అన్నాడు, వాళ్ళు తలలూపారు. ముందున్న కాగితం మీద టిక్కు పెట్టి, "జులైలో వచ్చి చేరు. బాణం ఇంట్లో పెట్టి రా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఘాటీ ఎక్కుతున్నంతసేపూ కనకకి లారీ రోడ్డు మీద పోతున్నట్టే లేదు. ఎంత ఆనందమో! వాసం కనబడగానే లారీ ఆగకముందే దూకేసింది.

"ఏటి తెచ్చావే?" అన్నారు ఆడవాళ్ళు.

"సీటు!"

"ఏదీ, సూపించు."

"సూపించీది కాదే. జులైలో ఎల్లి కూకోవాల."

ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండకేసి చూశారు. రత్నాలు అడ్డొచ్చి, "మన గుంటే కదా, పోన్లే, ఒగ్గీండి," అంది. నలుగురూ సరేనన్నారు కూడా.

"ఆగండే," అంది సోంబరి. "నిన్న బుధుగాడు కొట్టిన పందిని ఊరంతా తిన్నాం. ఇంటికో వాటా. దీని ఏటలో మన వాటా ఏదీ? పంచలేనిది ఏట కాదు."

కనకకి చెంప మీద కొట్టినట్టయింది. తనని వేటకి పంపిన మామ్మేనా ఈ మాటనేది! ఉక్రోషం వచ్చింది. అంతలోనే, మామ్మ అన్నదాంట్లో అబద్ధమేముంది అనిపించింది. ఎల్ల దాటడానికి ఊరి కట్టుబాటు కావాలి గానీ, తిరిగొచ్చాక అదే కట్టుబాటు చేదైపోతుందా?

సంచీ దూరంగా రాయి మీద భద్రంగా పెట్టి వాసం కిందకొచ్చి నిలబడింది.

"నిజమే మామ్మా. ఈ ఏటికి నా కాడ వాటా లేదు. పొయ్యండి. రెండేళ్ళు పోనాక ఇదే పండక్కి ఇంటింటికీ పంచుతాను."

"ఏటి పంచుతావే, కాయితాలా?" అంది రత్నాలు.

"కాయితాలే. ఈ కొండెక్కి ముందొచ్చినోలు ఎవలో, ఏ పోడు ఎవలు కొట్టారో, శిస్తు కోసరం ముఠాదారు ఎవల్ని కట్టీసి కొట్టాడో, మీరు సెప్పింది రాసి మీ ముందే సదువుతాను. ఇంటికో వాటా."

సోంబరే కుండెత్తింది. నెత్తి మీంచి కాళ్ళదాకా జారిన ఆ నీళ్ళకి కనక కెవ్వుమని, ఆ వెంటనే పగలబడి నవ్వింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్ళో పేడనీళ్ళు పోయించుకున్న ఆడవేటగాడు అంతకుముందు లేడు.

సోంబరి ఖాళీ కుండ కింద పెట్టి, కొంగుతో కనక మొహం తుడిచింది. ఆవిడ కళ్ళూ తుడవాల్సినట్టే ఉన్నాయి.

"రెండేళ్ళకి నానుంటానో నేదో. నా వాటా ఇప్పుడే ఇచ్చీ. కాయితం తియ్యే."

కనక చేతులు చీరకి తుడుచుకుని, ఇంటర్వ్యూకి రమ్మన్న కాగితం తిప్పి వెనకపక్క రాయడానికి కూచుంది. సోంబరి చుట్ట వెలిగించుకుంది.

"పెళ్ళైన ఏడు మీ తాతని కూడా ఈ వాసం కాడే తడిపీసినాను. అక్కణ్ణించి రాసుకో."