నిచ్చెన మీద నుంచి మా వీధి

డెబ్భై తొమ్మిదో సంవత్సరంలో నేను ఆదోనిలో ఫైర్‌మన్‌ని. ఊళ్ళో వాళ్ళ దృష్టిలో నిప్పు ఆర్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం పొద్దున్నే పొయ్యి అంటించేవాణ్ణి, అదీ మూడో అగ్గిపుల్లకి. మీసం మాత్రం ఆఫీసరు స్థాయిలో పెంచాను. ఇశ్రాయేలు అంటే ఎవరని అడిగితే మీసం చూపించి చెప్పేవారు, పని చూపించి కాదు.

రైలుకట్ట అవతల బోదగడ్డి కప్పిన కొట్టాల వరసలో మా కాపురం. నేను, నా భార్య మేరి, మా అమ్మ శాంతమ్మ, చంటిపాప. పక్క కొట్టంలో గిడ్డయ్య, అతని భార్య హుసేనమ్మ. కట్టకి ఇవతల ఒక జిన్నింగు మిల్లు ఉండేది. మా వరసలో ఆడవాళ్ళు కొందరు అక్కడ పత్తి ఏరడానికి కూలికి పోయేవారు. హుసేనమ్మ వాళ్ళలో పెద్దది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫైర్ స్టేషన్లో గంట మోగింది. నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని ఇంజనెక్కాను. డ్రైవరు బసన్న ఊరంతా అదిరేలా హారన్ కొట్టుకుంటూ తీసుకుపోయాడు. ఆ హారన్ వింటే నాకు ఎప్పుడూ ఛాతీ రెండంగుళాలు పెరిగేది. మిల్లు గేటు దాటి లోపలికి చూశాక పెరిగింది కాస్తా తగ్గింది.

ఆవరణలో పత్తి గుట్ట కాలుతోంది. దాని వెనక గోడౌను. ఆ గోడౌనుకి ఉన్నది ఒకటే వాకిలి, గుట్టని ఆనుకునే ఉంది. పత్తి ఏరే ఆడవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు.

మా స్టేషన్ ఆఫీసరు వెంకోబారావుగారు చుట్టూ ఒకసారి చూసి, ఎదురు గోడకి నిచ్చెన వేయించి నన్ను ఎక్కించారు. నా పని ఒక్కటే. ఆ వాకిలి మీద నీళ్ళు తెరలాగా పడుతూనే ఉండాలి. ఆ తెర చాటున మావాళ్ళు తడి గోనెసంచులు కప్పి ఆడవాళ్ళని ఒక్కొక్కరినే బయటికి తేవాలి. తెర తెగిందా, మంట వాకిట్లోకి వస్తుంది.

నిచ్చెన మీద నుంచి గోడ అవతల అంతా కనబడుతుంది. అంటుకున్న దూది పింజలు గాలికి లేచి, రైలుకట్ట దాటి, మా కొట్టాల మీద వాలుతున్నాయి. వరస చివర పొగ లేచింది. చూస్తుండగానే అది మంటయింది. మా కొట్టం వరస మధ్యలో ఉంది. గాలి మా వైపే వీస్తోంది.

"సార్! మా కొట్టాలు అంటుకున్నాయి సార్! పాప ఉండాది సార్ ఆడ!"

వెంకోబారావుగారు తలెత్తారు. "ఎమ్మిగనూరు ఇంజనుకి ఫోన్ చేసినామప్పా. వస్తాండాది."

ఎమ్మిగనూరు పక్క వీధి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఒక్క క్షణం ఆగి, పంచకట్టు అలవాటైన మనిషి కాబట్టి ప్యాంటుని కూడా పంచలాగే పైకి లాక్కుని, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. "నువ్వు దిగు. పైపు నేను పడతాను."

ఆయనకి మెట్లెక్కితేనే ఆయాసం. పైపు ఆయన చేతికి మారే లోపల తెర తెగుతుంది. వాకిట్లో ఎవరో దగ్గుతున్నారు.

"వద్దు సార్," అన్నాను.

ఆ మాట నేను సింహంలా గర్జించానని తర్వాత మావాళ్ళు చెప్పుకున్నారు. నాకు గుర్తున్నది నా పళ్ళు టకటకా కొట్టుకోవడం. నేను ఏడ్చానని కూడా అన్నారు. మొహం మీద ఉన్నవి పైపు నీళ్ళేనని ఇప్పటికీ వాదిస్తాను.

అప్పుడు ప్రార్థన చేశాను. "ప్రభువా, గాలి ఇటు తిప్పు" అన్నాను. అన్నాక తట్టింది, గాలి ఇటు తిరిగితే మంట నేరుగా వాకిట్లోకి పోతుంది. "వద్దు ప్రభువా, ముందన్నది కొట్టెయ్యి" అని దిద్దుకున్నాను. మళ్ళీ మా వరస వైపు చూశాను. మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ వద్దన్నాను. దేవుడికి విసుగొచ్చిందేమో, గాలిని ఉన్నచోటే ఉంచాడు.

ఆఖరికి హుసేనమ్మ దగ్గుకుంటూ బయటపడింది. ఆమె వెనక ఇంకెవరూ లేరు. కాసేపటికి ఎమ్మిగనూరు ఇంజను గేట్లోకి వచ్చింది.

"ఇంగ పోప్పా!" అని వెంకోబారావుగారు అరిచారు.

పరిగెత్తాను. బూట్లలో నీళ్ళు, కళ్ళ మీదికి జారే హెల్మెట్టు. నా ధాటికి జనం దారి ఇచ్చారు. ఆ గౌరవం రైలుకట్ట దాకానే దక్కింది. అక్కడ పట్టా తట్టుకుని బోర్లా పడ్డాను. లేచి మళ్ళీ పరిగెత్తాను.

వరస ఆ చివర కొట్టాలు బూడిదయ్యాయి. ఈ చివర కొట్టాలు చెక్కు చెదరలేదు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ మా ఇల్లు. బూడిద కూడా లేదు. బోద, వాసాలు వీధికి అవతల కుప్పగా పడున్నాయి. మా అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని పాపని ఒళ్ళో పెట్టుకుని లోకాన్ని తిడుతోంది. మేరి జుట్టు నిండా గడ్డితో, చేతిలో కొక్కెం కర్రతో నిలబడింది.

పాపని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుని, మేరి వైపు తిరిగాను.

"ఎవురు పీకినారు మన కొట్టం?"

"నేనే."

"నువ్వా?"

"నడమ ఒక కొట్టం లేకుంటే నిప్పు ఆడికే ఆగుతాదని అన్నం తినేటప్పుడల్లా సెప్తాంటివి గదా. ఇనీ ఇనీ సెవులు పోయినాయి."

"దానికి మనదే దొరికిందా?"

"గిడ్డయ్య మామది పీకుదామంటే వాకిట్లో అడ్డం పండుకున్యాడు. మనది పీకేదానికి ఎవుర్ని అడగల్ల?"

ఫైర్‌మన్ నేను. నా మాట విన్న మనిషి నా ఇల్లు పీకింది, వీధి నిలబడింది.

"కొడుకు ఊరి నిప్పు ఆర్పబాయె, కోడలు ఇల్లు పీకబాయె!" అంది మా అమ్మ.

మేరి కర్ర పక్కన పడేసి గోడ మొండి మీద కూర్చుంది.

"నువ్వు నిచ్చెన మీద ఉండేది ఈడికి కనపడతాండె," అంది. "దిగి రాడేమి ఈ మనిషి అని తిట్టినా. మల్లా, యాడ దిగుతాడో అని బయపడినా. హుసేనమ్మత్త లోపలుండాదని తెలుసు గదా."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఏదైనా గొప్ప మాట అనాలనిపించింది. ఆమె జుట్టులో గడ్డి ఒక్కొక్కటే ఏరాను.

సాయంత్రానికి హుసేనమ్మని నడిపించుకుని వచ్చారు. గిడ్డయ్య ఆమెని చూశాడు, మా ఖాళీని చూశాడు, తన కొట్టం వైపు చూశాడు. మా ట్రంకుపెట్టె నెత్తినెత్తుకుని లోపలికి తీసుకుపోయాడు.

మరుసటి వారం మా వార్డు పెద్దమనిషి ఒకాయన పూలమాల తెచ్చి నా మెడలో వేశాడు. నేను మీసం సర్దుకుంటుండగా మేరి ముందుకొచ్చి, "మాలెందుకప్పా, నాలుగు బోద మోపులు ఇప్పించు," అంది. మనిషి మర్యాదస్తుడు, నందవరం నుంచి బోద బండి తోలిస్తానన్నాడు.

ఆ బండి వచ్చేదాకా రెండు కుటుంబాలూ గిడ్డయ్య కొట్టంలోనే ఉన్నాం. కాళ్ళు చాపితే ఎవరో ఒకరికి తగిలేవి. పొద్దున్నే హుసేనమ్మ ఇంకా దగ్గుతూనే జొన్నరొట్టెలు కాల్చి నాకు మొదట పెట్టేది. "ఇంగొకటి తినప్పా," అనేది. పాపకి పాలిస్తూ మేరి నా మొహం చూసి నవ్వేది. నవ్వితే నవ్వనీ అని ఇంకో రొట్టె అందుకునేవాణ్ణి.