నోటికంటే ముందు లేచిన చెయ్యి

తోటి టీచర్లు ఆమెని చాటుగా "దొడ్డిదారి టీచరమ్మ" అనేవాళ్ళు. పిల్లలే నయం, "బ్యాటరీ మేడం" అనేవాళ్ళు. సైన్సు డిగ్రీ చదివి, బ్యాటరీ ఫ్యాక్టరీలో యాసిడ్ పని చేసి, ట్రైనింగ్ కాలేజీ గడప తొక్కకుండానే నేరుగా క్లాసులోకి వచ్చింది మరి. డిగ్రీ ఉన్నవాళ్ళకి అలాంటి దారొకటి పెట్టారు. ఏడాదిపాటు పాఠం చెబుతూనే పాఠం చెప్పడం నేర్చుకోవాలి. ఒక సీనియర్ వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. చివర్లో ఆయన సరేనంటే టీచరు, కాదంటే ఇంటికి. దీన్ని దొడ్డిదారి అనే పెద్దమనుషుల్ని ఒక్క పూట ఆ క్లాసులో నిలబెడితే కుదురుతుంది రోగం.

ఆమె బడికి రావడానికి కారణం తమ్ముడు. వాడూ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. ఒకరోజు యాసిడ్ తొట్టిలోకి పైపుతో నీళ్ళు వదలబోయాడు. నీళ్ళలో యాసిడ్ కలపాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని వాడికి ఎవరూ చెప్పిన పాపాన పోలేదు. ఆమె పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చెయ్యి చాచకుండా "ఒరేయ్!" అని అరిచింది. అక్క పిలిచింది కదా అని వాడు తలెత్తి చూశాడు. పైపులో నీళ్ళు మాత్రం ఆగలేదు. తొట్టిలో యాసిడ్ భగ్గున ఎగసి వాడి మొహం మీద పడింది. చెంప మీద చర్మం ఊడొచ్చింది, కుడి కన్ను పోయింది. వాడు పెట్టిన కేకలకి ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది.

అప్పట్నుంచి ఆమె అక్కడ ఎవర్నీ పిలవడం మానేసింది. తప్పు చెయ్యబోయినవాణ్ణి ముందు గుద్ది అవతల పడేసేది, తిట్లు తర్వాత. ఆమె దెబ్బకి పక్కటెముకలు విరిగినవాళ్ళున్నారు, కళ్ళు పోయినవాళ్ళు లేరు. అయినా తొమ్మిదో తరగతిలోనే ఈ ఒక్క ముక్క ఎవరైనా తమ్ముడి బుర్రకెక్కించి ఉంటే ఎంత బాగుండేదన్న బాధ ఆమెని తినేసింది. టీచరు కాకపోతే తను బతికి ఎందుకని కూడా అనుకుంది.

వెనక బెంచీ సీనియర్‌ని అందరూ పెద్దసారు అంటారు. మొదటి రోజే చెప్పాడాయన.

"ఇది ఫ్యాక్టరీ కాదమ్మా. ఇక్కడ నోరు ఎంత లేచినా సర్దుకుంటాం. చెయ్యి లేచిందా, ఆ రోజుతో సరి."

ఆమె ఏడాదంతా చేతులు కట్టుకునే పాఠం చెప్పింది. చివరి పరీక్ష పాఠానికి యాసిడ్ కలపడమే ఎంచుకుంది. ఆ ఉదయం బల్లలన్నీ పెద్దసారే సర్దాడు. ముందు బల్ల మీద యాసిడ్ అని చీటీ అంటించిన గాజు బీకరు, పక్కన నీళ్ళ సీసా. ఆమె పిల్లలకి కళ్ళద్దాలు పంచుతోంది. ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, కుదురుగా కూర్చోదని తూనీగ అంటారు. అద్దాలు ఇంకా తన దాకా రాలేదు, ఊరుకోవచ్చు కదా! లేచి, సీసా ఎత్తి, బీకరు మీదికి వంచింది.

ఆమె అరవలేదు. రెండంగల్లో వచ్చి మోచేత్తో ఆ పిల్ల ఛాతీ మీద గుద్దింది. తూనీగ ఎగిరి, మెలి తిరిగి, తన వెనకున్న బెంచీ అంచుకి మొహం కొట్టుకుంది. టక్‌మని చప్పుడైంది. ముందు పన్ను విరిగి నేల మీద పడింది, నోట్లోంచి రక్తం బొటబొటా కారి గౌను తడిసింది. బీకరు పగిలి, అందులోదంతా ఆమె చేతుల మీద ఒలికింది. "యాసిడ్! యాసిడ్!" అని పిల్లలు తలుపు దగ్గర ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

ఆమె కుళాయి కింద చేతులు పెట్టి మంట కోసం చూసింది. మంట లేదు. ఏళ్ళ తరబడి యాసిడ్‌తో బతికిన మనిషికి ఇంక ఒకరు చెప్పాలా?

పిల్లని నర్సు దగ్గరికి పంపాక వరండాలో పెద్దసారుని నిలదీసింది.

"సార్, బీకర్లో ఉన్నవి నీళ్ళు."

"మెల్లిగా. కొత్తవాళ్ళకి నేనెప్పుడూ ముందు నీళ్ళే పెడతాను. క్లాసు అదుపులో ఉందనిపిస్తే అప్పుడు అసలుది బయటికి తీస్తాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెబితే అది పరీక్ష ఎలా అవుతుంది?" ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు మించిపోయింది ఏమీ లేదు. నీళ్ళని తెలిస్తే నీతోపాటు నా మెడకీ చుట్టుకుంటుంది. అందరూ యాసిడే అనుకుంటున్నారు, అలాగే అనుకోనీ. పిల్ల కళ్ళు కాపాడావు. రేపట్నుంచి టీచరువి. నోరు మెదపకు, చాలు."

ఆమె నోరు మెదపలేదు. ఏడాది కష్టం చేతికందుతుంటే ఎవరికి ఆశ పుట్టదు?

తూనీగ తల్లి బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కాతోనే, స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడిన చేతులతో, ఆఫీసు గది తలుపు తన్నుకుంటూ వచ్చింది. మూతికి దూది అదుముకుని కూతురు గోడకి ఆనుకుని ఉంది.

"ఎవతే నా పిల్లని కొట్టింది?"

పెద్దసారు అడ్డం వెళ్ళాడు. "అమ్మా, మీ పిల్ల యాసిడ్‌లో నీళ్ళు పోయబోయింది. ఈ మేడం నెట్టబట్టి సరిపోయింది. లేకపోతే రెండు కళ్ళూ పోయేవి."

తల్లి గిర్రున తిరిగి, ఆ వాచిన మూతి మీదే కూతుర్ని ఫెడీమని కొట్టింది.

"చచ్చేదానివి కదే! గుడ్డిదానివై నా ప్రాణం తీసేదానివి కదే!"

దూది ఎగిరిపోయింది. మళ్ళీ రక్తం. తల్లి ఏడుస్తూనే జుట్టు పట్టుకుని ఇంకోటి వేసింది. మూడోదానికి చెయ్యెత్తింది. బ్యాటరీ మేడం వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది.

"కొట్టకండి. అవి నీళ్ళు."

"ఏంటి?"

"యాసిడ్ కాదు, మంచినీళ్ళు. మీ పిల్లకి ఏమీ అయ్యేది కాదు. పన్ను విరగ్గొట్టింది నేనే."

"మేడం కంగారులో ఏదేదో అంటోంది..." అన్నాడు పెద్దసారు.

"ఆయనకీ తెలుసు," అంది ఆమె.

తల్లి చెయ్యి విదిలించుకుని ఆమె మొహం మీద కొట్టింది. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టింది. బీరువాకి తల తగిలి మేడం కింద కూలబడితే, బూటు కాలితో డొక్కలో తన్నింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. పెద్దసారూ, అరుపులు విని వచ్చిన గుమాస్తా కలిసి తల్లిని బయటికి లాక్కుపోయారు. ఉద్యోగం పోయిందని ఆమెకి కింద పడి ఉండగానే అర్థమైంది. దానికన్నా ఆ పిల్ల ఒంటరిగా గోడ పక్కన నెత్తురు మూతితో నిలబడటమే చూడలేకపోయింది.

మోకాళ్ళ మీద దగ్గరికి వెళ్ళి, మూతి తుడుద్దామని చెయ్యి చాచింది. "తప్పు నాదే తల్లీ," అంది.

తూనీగ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడకి కరుచుకుపోయింది. కన్నతల్లి కొడుతున్నప్పుడు కూడా ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకోలేదు.