రెండు తాళాల పెట్టె

నేను ఒక ఇనప్పెట్టెను. దుగ్గిరాలలో ఒక పసుపు కొట్టు నన్ను పోషించింది. నన్ను చేసిన కమ్మరి మూతకు రెండు తాళాలు బిగించాడు. ఒక తాళంచెవి కోటిలింగానిది, రెండోది అతని భాగస్వామి పానకాలుది. ఇద్దరి చేతులూ పడితేనే మూత లేచేది. వరసకు ఏమీ కాకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

ఆ రోజులే వేరు. గాలి నిండా పసుపు దుమ్ము. నాకు చెరోవైపు గొంతుక్కూర్చుని "ముందు నువ్వు తిప్పు బావా", "ఛ, నువ్వే తిప్పు" అని మర్యాదలు పోతుంటే, బయట రైతులు విసుక్కునేవారు. ఒక్కోసారి పానకాలు తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చేవాడు.

"నీ మతిమరుపుకి నేను వడ్డీ కట్టాలి బావా!" అనేవాడు కోటిలింగం.

తర్వాత బ్యాంకు వచ్చింది. నా కడుపులోని డబ్బు ఉమ్మడి ఖాతాలోకి పోయింది. పైగా ఓడీ తీసుకున్నారు. అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా సరుకు కొనడానికి కొంత వాడుకోవచ్చు. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలా అని బ్యాంకులో అడిగారు.

"ఒకరిది చాలండీ. రోజూ ఇద్దరం ఎక్కడ తిరుగుతాం?" అన్నాడు కోటిలింగం. బేరంలో అర్ధరూపాయి వదలని మనిషి, ఆ ఒక్క మాట ఊరికే వదిలేశాడు.

కొన్నేళ్ళకు పానకాలు అల్లుడు కోల్డ్ స్టోరేజీ కట్టబోయి అప్పుల్లో కూరుకుపోయాడు. కూతురు ఏడ్చింది. పానకాలు తన పొలం అమ్మి ఇచ్చాడు. అదీ చాలక, ఎవరికీ చెప్పకుండా ఓడీ అంతా లాగి ఇచ్చాడు. అల్లుడు తేలలేదు.

బ్యాంకు వాళ్ళు కోటిలింగాన్ని పిలిచారు.

"ఆ చెక్కు మీద నా సంతకమే లేదండీ!"

"ఓడీ కాగితం మీద ఉందండీ. తీసింది ఎవరైనా బాకీ ఇద్దరిదీ. ఆయన దగ్గర లేకపోతే మీరే కట్టాలి."

కోటిలింగానికి ఉన్నది ఆ కొట్టే. దాన్ని అమ్మి బాకీ తీర్చాడు. రెండో సంతకం కోసం ఆగితే రోజుకో పావుగంట ఖర్చయ్యేది. అది మిగుల్చుకోబోయి కొట్టు పోగొట్టుకున్నాడు. ఇంత నష్టపు బేరం నేను చూడలేదు.

"నాలుగు తిట్టు బావా," అన్నాడు పానకాలు, కొట్టు ఖాళీ చేసేరోజున.

"తిడితే వడ్డీ తగ్గిస్తారా?" అని కోటిలింగం నన్ను బండికెక్కించాడు.

ఇప్పుడు అతని ఇంటి వరండాలో పడి ఉన్నాను. కోటిలింగం ఇతరుల సరుకుకు బేరాలు కుదురుస్తున్నాడు. మొన్న పానకాలు వచ్చాడు, చాలాకాలానికి. వరండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"చిన్నగా మళ్ళీ ఏదన్నా మొదలెడదామా బావా?"

"నీతో వ్యాపారమా? ఈ జన్మకు చేయను," అన్నాడు నా మీద కూర్చున్న కోటిలింగం. తర్వాత కాస్త పక్కకు జరిగి, నా మీద చోటు చూపించాడు. "ఎండన పడొచ్చావు. కూర్చో, మజ్జిగ తాగిపోదువుగాని."