మూడు గుటకలు

పెద్దాయన నాలుకను టీ కంపెనీ నలభై ఏళ్ళు నెత్తిన పెట్టుకుంది. ఏ పొడి అమ్మకానికి వెళ్ళాలన్నా ముందు ఆయన రుచి చూడాల్సిందే. రోజుకు రెండు వందల కప్పులు. చెంచాతో జుర్రున పీల్చడం, నోరంతా తిప్పడం, పక్కనున్న డబ్బాలో ఉమ్మడం. అన్నీ మింగితే మనిషి బతకొద్దూ! ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. భార్య ఇచ్చిన టీని నోట్లో తిప్పి, "ఆకు ముదురు" అని తీర్పు చెప్పి, పూలకుండీలో ఉమ్మేసేవాడు. ఆవిడ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. పెద్ద జబ్బే చేసి తగ్గింది గానీ గొంతు మొండికేసింది. నీళ్ళు తాగినా పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. తిండి కోసం ముక్కులో గొట్టం వేసి మూడు వారాలైంది. ఇవాళ మూడు గుటకలు సరిగ్గా మింగితే దాన్ని తీసేస్తారు. లేదంటే పొట్టకు రంధ్రం చేసి, తిండంతా అక్కడినుంచే.

"నాలుకతో అంగిలిని గట్టిగా నొక్కండి తాతగారూ," అంటుంది వ్యాయామం నేర్పే అమ్మాయి. చెంచాను నాలుకతో తోయాలి. చెంపలు పూరించాలి. నాలుక కొన పళ్ళమధ్య పట్టి ఉత్త గుటకలు వేయాలి. అలసి కళ్ళు మూస్తే మధ్యాహ్నపు వెలుగులో పొడవాటి బల్ల, తెల్లకప్పుల వరస కనిపిస్తాయి. ఆయన నడుస్తూనే ఉంటాడు, బల్ల తరగదు. ఏ కప్పు ఎత్తినా ఖాళీ.

పరీక్షకు భార్య ఫ్లాస్కులో గోరువెచ్చని టీ తెచ్చింది. అమ్మాయి చెంచాతో అందించింది. ఆయన జుర్రున పీల్చాడు, నోరంతా తిప్పాడు, పళ్ళెంలో ఉమ్మేశాడు.

అమ్మాయి ముఖం వాడిపోయింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. నోరు తన మాట వినడంలేదు.

"ఏవండీ," అంది భార్య, "తీర్పు రేపు చెబుదురు గానీ. ఇవాళ్టికి తాగండి."

గడ్డం గుండెకు ఆనించి, ఉన్న బలమంతా నాలుకలో పెట్టి మింగాడు. వెచ్చదనం గొంతు దాటి, ఛాతీలోకి మెల్లగా, చాలాసేపు దిగింది. గది, మంచం, గొట్టం అన్నీ ఎక్కడికో తేలిపోయాయి.

"ఆ అనండి తాతగారూ!"

"ఆ." గొంతులో గరగర లేదు. రెండో గుటక. మూడోది కూడా.

"నెగ్గారు! ఎలా ఉందేంటి టీ?"

ఆకు ముదురో లేతో ఆయన చూడనేలేదు. భార్య వైపు తిరిగాడు, సిగ్గుతో, దుఃఖంతో.

"ఇన్నేళ్ళూ నేను ఉమ్మేసింది దీన్నా?"