సందర్శకులు మాట్లాడరాదు

మూడో గేటు దగ్గర వీరదుర్గ సంచిలోంచి అన్నం డబ్బా కూడా తీసేశారు.

"తినేవి లోపలికి పట్టుకెళ్ళకూడదమ్మా," అంది లేడీ కానిస్టేబులు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని. డబ్బాలో ఎండుచేపల పులుసుంది.

"తినవండి. సంచిలో ఊరికే ఉంటదంతేనండి."

"ఊరికే కూడా ఉండకూడదు."

మొదటి గేటులో అచ్చమ్మ చుట్టలు పోయాయి. రెండో గేటులో అందరి మంచినీళ్ళ సీసాలూ పోయాయి. "ఇంకో గేటుంటే కోకలు కూడా ఇప్పమంటారేమోనే," అని గొణిగింది అచ్చమ్మ. ముందు నడుస్తున్న తాతాజీ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు. నడిమిలంకకి ఆయన పెద్ద. అసెంబ్లీ చూడబోతున్నామని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

చీకటితోనే బయలుదేరిన వ్యాను ఏలూరు దాటి హైవే ఎక్కేసరికి తెల్లవారింది. ఆడవాళ్ళెవరూ తమంతట తాము వస్తామనలేదు. ఆవేళ పక్క ఊళ్ళో చెరువు పడుతున్నారు. చేపలు ఏరి ఐసు పెట్టెల్లో సర్దితే నాలుగొందలు వస్తాయి. కానీ ఎమ్మెల్యే ఈశ్వరప్రసాద్‌గారి పీఏ హేమంత్‌కుమార్ ఫోన్ చేసి, "ఆడవాళ్ళు కూడా ఉండాలి తాతాజీగారూ, సార్ కొల్లేరు మీద ప్రశ్న వేస్తున్నారు, నిండుగా కనపడాలి," అన్నాడు. తాతాజీ ఇళ్ళ ముందు నిలబడి పేర్లు చదివినట్టు పిలిచాడు. పిలిస్తే వెళ్ళడమే.

నడిమిలంకలో ఏదైనా అంతే. దాన్ని కట్టుబాటంటారు. పెద్దలు అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకుంటారు. తాతాజీ లేచి, "కాదనేవోళ్ళున్నారా?" అని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికీ ఎవరూ పలక్కపోతే అది ఊరి మాట. దాటినవాడితో ఎవరూ మాట్లాడరు, వాడి పొయ్యికి నిప్పివ్వరు, వాడి వల పక్కన వల వెయ్యరు. ఒక్కడు కాదన్నా ఆ పూటకి పని ఆగిపోవాలి. అదీ కట్టుబాటే. కాకపోతే కాదన్న మగాణ్ణి వీరదుర్గ కాపరానికొచ్చిన ఇరవయ్యేళ్ళలో చూడలేదు. ఆడవాళ్ళు వెనక వరసలో నిలబడి వినాలి. వాళ్ళని అడగరు.

ఎన్నికల్లో ఊరి ఓట్లన్నీ ఈశ్వరప్రసాద్‌కి పడింది అలాగే. అందుకు ఆయన ఇచ్చిన మాట ఒక్కటే: సొసైటీ చెరువుల జోలికి ఎవరూ రారు. ప్రభుత్వం కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించేశాక ఆ ఊరికి మిగిలినవి రెండు చెరువులు. ఒకటి వీరదుర్గ వాళ్ళ సొసైటీది, ఒకటి ఊరిచివర పేటలో అచ్చమ్మ వాళ్ళ సొసైటీది. ఏడాదికి రెండుసార్లు చేపల పట్టుబడి జరిగితే వచ్చే వాటాతోనే పిల్లల ఫీజులు, ఇంటి కప్పులు, ఆసుపత్రులు. మిగతా రోజులన్నీ కూలీ. ఆ చెరువులు ఏదో కార్పొరేషన్‌కి పోతాయనీ, కార్పొరేషన్ ముప్పై ఏళ్ళ లీజుకి పెద్ద కంపెనీలకి ఇస్తుందనీ రెండు నెలలుగా మాట పుట్టింది. ఊరంతా ఏలూరు వెళ్ళి ఎమ్మెల్యే గుమ్మంలో కూర్చుంటే, ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని, "నేనుండగా మీ గట్టు మీద మట్టిబెడ్డ కదలదండీ," అన్నాడు. అందరికీ టీలు ఇప్పించాడు.

గ్యాలరీ తలుపు పక్కన బోర్డుంది. 'సందర్శకులు మాట్లాడరాదు.' వీరదుర్గ నాలుగో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివి అచ్చమ్మకి చెప్పింది.

లోపల చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు. కింద గుండ్రంగా బల్లలు, బల్లల వెనక తెల్లబట్టలు. కాసేపటికి ఈశ్వరప్రసాద్ లేచాడు. "అధ్యక్షా, మా కొల్లేరు ప్రజలు వానాకాలం వస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవల మీద తిరుగుతున్నారు అధ్యక్షా," అని వంతెన సంగతి అడిగాడు. మంత్రిగారు లేచి పరిశీలనలో ఉందన్నాడు. ఈశ్వరప్రసాద్ కృతజ్ఞతలు చెప్పి, కూర్చోబోతూ గ్యాలరీ వైపు చూసి నమస్కారం పెట్టాడు. తాతాజీ చప్పట్లు కొట్టబోతే కాపలా మనిషి వేలు చూపించాడు.

"ఇంత పెద్ద నాటకానికి చప్పట్లు కొట్టనివ్వరేటే?" అంది అచ్చమ్మ నెమ్మదిగా.

తరవాత ప్రతిపక్షం వాళ్ళు కాగితాలు ఊపుతూ కేకలేసి, లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ బల్లలు ఖాళీ అయ్యాయి. అప్పుడు బిల్లులు మొదలయ్యాయి. మంత్రి లేచి రెండు ముక్కలు చదవడం, పెద్ద కుర్చీలో కూర్చున్న అధ్యక్షుడు అడగడం, కింద "అవును" అని ఓ హోరు, మళ్ళీ ఇంకోటి. నాట్లేసే కూలీలు ఒక మడి అవగానే వంగినవాళ్ళు వంగినట్టే పక్క మడిలోకి జరుగుతారు చూడండి, సభ అలా బిల్లులోంచి బిల్లులోకి జరిగిపోతోంది. ఈశ్వరప్రసాద్ ఆ హోరులో తనూ ఓ గొంతు కలుపుతూ, తల ఎత్తకుండా ఏవో సిఫార్సు ఉత్తరాల మీద సంతకాలు పెట్టుకుంటున్నాడు. అచ్చమ్మకి కునుకు పట్టింది.

"...సహకార సంఘాల అధీనంలోని చేపల చెరువులను..."

వీరదుర్గ నిటారుగా అయింది. కింద ఎవరో మంత్రి చదువుతున్నాడు. మాటలన్నీ అర్థం కాలేదు గానీ కార్పొరేషన్ అన్నది తెలిసింది, ముప్పై సంవత్సరాలు అన్నది తెలిసింది. మోచేత్తో అచ్చమ్మని పొడిచింది.

"పిన్నీ, లే. మన సెరువులే."

ముందు వరసలో హేమంత్‌కుమార్ కాగితాలు తిరగేసుకుంటున్నాడు. "ఇది ఇవాళ్టి అజెండాలో లేదండీ," అన్నాడు తాతాజీ చెవిలో, "పొద్దున్న కలిపేసినట్టున్నారు."

కింద ఈశ్వరప్రసాద్ సంతకాలు ఆపాడు. పక్క సభ్యుడు ఆయన మోచెయ్యి మీద తట్టి ఏదో చెప్పాడు. ఈశ్వరప్రసాద్ కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడవడం మొదలెట్టాడు.

"అనుకూలంగా ఉన్నవారు అవును అనండి," అన్నాడు అధ్యక్షుడు.

హోరు లేచింది. వీరదుర్గ ఎమ్మెల్యే పెదాలనే చూస్తోంది. అవి కదల్లేదు. ఆమె ప్రాణం లేచొచ్చింది. మాట నిలబెట్టుకుంటున్నాడు మనిషి.

"కాదనేవారు కాదు అనండి."

ఆయన కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. ఖాళీ బల్లలు ఖాళీగానే ఉన్నాయి. వీరదుర్గ తాతాజీ వైపు చూసింది. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు. మగాళ్ళ వరసంతా చూసింది. ఎవరో ఒకరు అంటారు. అడిగారు కదా, ఎవరో ఒకరు అనాలి. ఒక్కరంటే చాలు, ఈ పూటకి ఆగిపోతుంది.

"కాదండీ."

ఆ గొంతు తనదేనని ఆమెకి లేచి నిలబడ్డాక గాని తెలీలేదు. "కాదండీ! ఆ సెరువులు మాయండీ! కాదండీ!"

సభంతా తలెత్తి చూసింది. ఎవరో నవ్వారు. ఈశ్వరప్రసాద్ చేతిలో కళ్ళజోడు అలాగే ఉండిపోయింది. ఇద్దరు ఆడ కాపలావాళ్ళు వచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నారు. తలుపు దాటుతుండగా వెనకనుంచి మైకులో వినపడింది: బిల్లు ఆమోదం పొందిందట. బల్లలు చరిచిన చప్పుడు మెట్లదాకా వచ్చింది.

ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. పెద్ద ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, మంచినీళ్ళు ఇప్పించాడు.

"మాట్లాడకూడదని బోర్డుంది, చూళ్ళేదా అమ్మా?"

"సూశానండి. కానీ ఆయన అడిగారు కదండీ, కాదనేవోళ్ళున్నారా అని. ఎవరూ పలకలేదండి."

"అడిగింది నిన్ను కాదు."

"సెరువు మాది కదండీ మరి."

ఆఫీసరు ఫోన్ తీశాడు. పల్లెటూరి మనిషి, తెలియక అరిచిందని పైకి చెప్పి కేసు లేకుండా చూశాడు. భోజనాల వేళకి ఈశ్వరప్రసాదే ఆ గదికి వచ్చాడు, వెనక హేమంత్‌కుమార్. వీరదుర్గ లేచి నిలబడింది.

"ఎంత పని చేశావమ్మా దుర్గమ్మా," అన్నాడాయన. గొంతు పెంచలేదు. గొంతు పెంచే మనిషి కాదు. "టీవీల వాళ్ళు అప్పుడే పట్టేసుకున్నారు. పైవాళ్ళు నన్నడుగుతారు, ఎవరి మనుషులని."

"మీరు కాదనలేదేంటండి బాబుగారూ?"

"అవునని కూడా అనలేదు కదమ్మా! చూశావు కదా. అంతమందిలో నోరు విప్పనివాణ్ణి నేనొక్కణ్ణే." ఆ ఒక్క ముక్కా ఆయన కొంచెం గర్వంగానే అన్నాడు. "పార్టీ విప్పు ఉందమ్మా. వాళ్ళు అవునంటే మేమూ అవుననాలి. కాదంటే ఎమ్మెల్యేగిరీ ఊడిపోద్ది. మీ ఊళ్ళో కట్టుబాటు లేదూ? ఇదీ అలాంటిదే."

"మాకా కట్టుబాటు పెట్టింది మీకోసమే కదండీ," అంది వీరదుర్గ. "ఊరంతా మీకే గుద్దాలన్నారండి. నా ఓటు నా ఇష్టానికి నేనెప్పుడూ ఎయ్యలేదండి."

ఈశ్వరప్రసాద్ వాచీ చూసుకున్నాడు.

బయట ఎండ కాలుస్తోంది. లాన్ పక్కన నడిమిలంక వాళ్ళంతా ఎటు పోవాలో తెలియని మేకల్లా నిలబడి ఉన్నారు. హేమంత్‌కుమార్ అటూ ఇటూ రెండు ఫోన్లలో మాట్లాడి వచ్చాడు. అతనికి ఉపాయం తట్టింది. కారు డిక్కీలోంచి శాలువా తెప్పించాడు. ఎమ్మెల్యే కార్లో శాలువాలకి ఎప్పుడూ కరువుండదు.

"తాతాజీగారూ, మీరు సార్‌కి కప్పండి. ఆడవాళ్ళు ముందు వరస. ఆవిడ సరిగ్గా మధ్యలో నిలబడాలి, నవ్వుతూ. కొల్లేరు మహిళల కృతజ్ఞతలు అని అన్ని గ్రూపుల్లోనూ పెట్టేస్తాను. ఆ వీడియో ఇక ఎవడూ చూడడు."

"కృతజ్ఞతలు దేనికండీ?" అన్నాడు తాతాజీ. పొద్దుట్నుంచీ ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే.

ఈశ్వరప్రసాద్ ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. ఎక్కువసేపు పట్టలేదు. కంపెనీ వచ్చినా చెరువులకి కాపలా కావాలి, మేత మోసేవాళ్ళు కావాలి, ఆ మనుషుల్ని పెట్టే మేస్త్రీ ఒకడు కావాలి. తిరిగొచ్చేటప్పుడు తాతాజీ నడక మారింది. శాలువా మడత విప్పి దులిపాడు.

"నిలబడండెహె. దుర్గా, మజ్జిలోకి రా."

వీరదుర్గ ఉన్నచోటే ఉంది. "మన సెరువు పోయింది మావయ్యగారూ."

"పోయిందో ఉందో ఊళ్ళో మాట్లాడుకుందాం. ముందు ఫోటోకి రా. పేట ఆడోళ్ళ ముందు నా పరువు తియ్యకు."

"మీ పరువు మేం తియ్యలేదు నాయనా," అంది అచ్చమ్మ, "అది మూడు గేట్లలో ఏ గేటులోనో తీసేసుకునుంటారు."

ఎవరో కిసుక్కుమన్నారు. తాతాజీ మొహం నల్లబడింది. వీరదుర్గ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నిలబడకపోతే ఏవవుద్దో తెలుసు కదా? నీ గుమ్మం తొక్కేవోడుండడు. నీ మొగుణ్ణి రేపట్నుంచి ఏ చెరువు మీదకీ రానివ్వరు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. ఊళ్ళో ఉన్న మొగుడు ఏడుకొండలుకి ఈ సంగతింకా తెలీదు. చెరువు గట్టు మీద కాపలాకి ఉండుంటాడు, కొంగల్ని తోలుతూ. వల దగ్గరకి రానివ్వని మొగుడు, పిల్ల ఇంటర్ ఫీజు, ఎవరూ పలకరించని వీధి, అన్నీ వరసగా కళ్ళముందు నడిచాయి.

"నేను నిలబడనండి," అంది. నెమ్మదిగానే అంది. వెళ్ళి లాన్ అంచున రాతిగట్టు మీద కూర్చుంది.

"పోనీ వదిలెయ్యండి, ఆవిడ లేకపోయినా పరవాలేదు," అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆయనకి రెండింటికి మళ్ళీ సభ ఉంది, ఇంకో మూడు బిల్లులున్నాయి. మెడ చుట్టూ శాలువా, దాని కింద చెమట.

మగాళ్ళు వెనక వరస కట్టారు. ముందు ఆడవాళ్ళు నిలబడ్డారు. మధ్యలో వీరదుర్గకని వదిలిన మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి వెనక ఎమ్మెల్యే బొజ్జ, శాలువా జరీ అంచు కనపడుతున్నాయి.

హేమంత్‌కుమార్ ఫోన్ ఎత్తాడు. "అమ్మా, కాస్త దగ్గరగా జరగండి."

ఎవరూ జరగలేదు.

"వినపడిందా అమ్మా? మధ్యలో గ్యాప్ వచ్చేస్తోంది. అచ్చమ్మగారూ, మీరు ఇటు ఒక్క అడుగు వెయ్యండి."

అచ్చమ్మ ఎండకి కళ్ళు చికిలించి రాతిగట్టు వైపు చూస్తోంది. పక్కనున్న ఆవిడ పైట సర్దుకుంది గానీ కాలు తియ్యలేదు. తాతాజీ వెనకనుంచి "జరగండే" అన్నాడు. మళ్ళీ అన్నాడు.

ఫోన్ ఎత్తిన హేమంత్‌కుమార్ చెయ్యి లాగడం మొదలైంది.