చెప్పు కొస

చైనాలోని ఫుజియన్ తీరాన, చెప్పులు విడవకుండానే వెళ్ళే ఉప్పుటేటి అమ్మవారి పాత గుడిలో, అగరొత్తుల కుండ ఏటేటా ఎవరింటికి వెళ్ళాలో ఆవిడే చెబుతుంది. నెలవంకల్లాంటి రెండు చెక్కలు నేల మీద వేస్తే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడాలి. రెండూ వెల్లకిలా పడితే ఆవిడ ఒప్పుకోక నవ్వి ఊరుకున్నట్టు.

పడవల యజమాని కోక్‌హిన్‌కి రెండూ వెల్లకిలానే పడ్డాయి. మోకాళ్ళ మీంచి లేచే నెపంతో, పూజారి వంగి చూసేలోగా, చెప్పు కొసతో ఒకదాన్ని తిప్పేశాడు.

"అమ్మ ఒప్పుకుంది!" అని పూజారి కేక పెట్టాడు. బయట టపాకాయలు పేలాయి.

"అదృష్టమంటే నీదేరా!" అంటూ పక్కింటి ఆహ్వాట్ వీపు చరిచాడు. "నన్ను చూస్తే ఆవిడకి ఏటా నవ్వే!"

కుండ కోక్‌హిన్ ఇంటికి చేరింది. అది ఎవరింట ఉంటే ఆ ఏడాదికి వాళ్ళే గుడిపెద్ద. ఊరంతా వచ్చి, నూడుల్స్ తిని, "పెద్దయ్యా" అని పిలిచి వెళ్ళింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా చెప్పులో అతని కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. ఎవరూ చూడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను పళ్ళు తోముకుంటూ వస్తే, వాళ్ళమ్మ కుండ ముందు టీ పెట్టి మెల్లగా మాట్లాడుతోంది.

"నువ్వు రానంటున్నా లాక్కొచ్చాడు తల్లీ. చెప్పుకాలితో చెక్కని తిప్పేశాడు, వెనకే ఉన్నాను, చూశాను. కన్నకొడుకాయె, నలుగురిలో నోరు రాలేదు. ఈ ఒక్క ఏడాదీ నా మొహం చూసి సర్దుకో. టీ వేడిగా ఉందా?"

కోక్‌హిన్ నోటినిండా నురగతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. మింగలేడు, ఉమ్మలేడు.